గోదావరి అడవి సాక్ష్యం



తెలంగాణ సాయుధ పోరాట యోధురాలు మల్లు స్వరాజ్యం గారి స్మృతిలో మాట్లాడమన్నారు. ఆమె పోరాటం మీ అందరికీ తెలిసిందే. ఆ పోరాటం కాగితం మీదికి ఎలా ఎక్కిందో చెబుతాను. పోరాడినవాళ్లు వేలమంది. వాళ్ల దగ్గర కూర్చుని అడిగి రాసుకున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది.

సాక్ష్యం ఎలా నిలుస్తుందో చూడటానికి ముందు ఐరోపా సంగతి. నాజీలు అరవై లక్షలమంది యూదులను చంపారు. ఆష్విట్జ్ మరణశిబిరం నుంచి బతికొచ్చిన ప్రీమో లేవీ తన అనుభవం రాస్తే పేరున్న ప్రచురణకర్తలు వద్దన్నారు. 1947లో ఒక చిన్న సంస్థ 2,500 ప్రతులు వేసింది. అప్పట్లో వినే ఓపిక ఎవరికీ లేదు. 1985లో క్లాడ్ లాంజ్‌మన్ 'షోవా' సినిమా వచ్చింది. తొమ్మిది గంటలకు పైబడిన ఆ సినిమాలో యుద్ధకాలపు పాత దృశ్యం ఒక్కటీ లేదు. బతికి బయటపడ్డవాళ్లు, చూస్తూ ఊరుకున్నవాళ్లు, చంపినవాళ్లలో కొందరు మాట్లాడతారు, అంతే. ట్రెబ్లింకా మరణశిబిరంలో ఆడవాళ్ల జుట్టు కత్తిరించిన మంగలి అబ్రహాం బోంబా, చెబుతూ చెబుతూ గొంతు పెగలక ఆగిపోతాడు. కెమెరా మాత్రం ఆగదు. ఆ మౌనం అచ్చులోకి రాదు.

మరుసటి ఏడే, 1986లో, హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం, తెలంగాణ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల మాటలతో 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం వెలువరించింది. ఆ నరమేధానికీ తెలంగాణ పోరాటానికీ పోలిక పెడితే రెండింటికీ అన్యాయమే. నేను మాట్లాడుతున్నది సాక్ష్యం సేకరించే పద్ధతి గురించి. అంతకు ముందున్న చరిత్ర నాయకులు రాసినది. పుచ్చలపల్లి సుందరయ్య గారు 1972లో రాసిన గ్రంథమే లేకపోతే నాలుగు వేలమంది చనిపోయారని, పదివేలమందికి పైగా నిర్బంధంలో మగ్గారని మనకు లెక్క చెప్పేవారెవరు? కానీ గెరిల్లా దళానికి అన్నం ఎవరు వండారు, కాన్పు ఏ చెట్టు కింద అయింది, పోరాటం ఆగాక ఆడవాళ్లను మళ్లీ వంటింట్లోకి ఎవరు పంపారు? ఇవి ఆ బృందంలోని లలిత, వసంత కన్నబిరాన్, రమా మేల్కోటే తదితరులు వెళ్లి అడిగితేనే తెలిశాయి. ఆ పుస్తకంలో, బిడ్డను వదులుకోవలసి వచ్చిన కమలమ్మ చెప్పింది చదివాక, త్యాగం అనే మాటను వేదికల మీద అంత తేలిగ్గా వాడలేం. స్వరాజ్యం గారి 'నా మాటే తుపాకీ తూటా' కూడా ఆమె చెప్పగా విమల, కాత్యాయని రాసినదే.

సినిమా సంగతి వేరు. తెలంగాణ పోరాటం మీద గౌతమ్ ఘోష్ తీసిన 'మాభూమి' 1980లో వచ్చింది. కిషన్ చందర్ నవల దానికి ఆధారం. గొప్ప సినిమా, సందేహం లేదు. కానీ అది కథ. 1948లో ఇరవయ్యేళ్లున్నవాళ్లకు అప్పుడు యాభై రెండు. కెమెరా ముందు కూర్చోబెట్టి వాళ్లచేత చెప్పించడానికి అంతకు మించిన అదను లేదు.

ఇక మన అడవి. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదు మీద జరిపిన పోలీసు చర్య తరవాత దళాలు గోదావరి అడవుల్లోకి వచ్చాయి. పాల్వంచ, ఇల్లెందు హైదరాబాదు రాష్ట్రంలో ఉండేవి. భద్రాచలం మద్రాసు రాష్ట్రంలో. 1959లో గాని భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలవలేదు. దళాలకు అన్నం పెట్టింది కోయ ఆదివాసుల గూడేలు. ఆ గూడేలను ప్రభుత్వ బలగాలు తగలబెట్టి, జనాన్ని శిబిరాల్లోకి తోలారని సుందరయ్య గారే రాశారు. ఆ శిబిరంలో ఉన్న కోయ తల్లి నోటిమాట కావాలంటే ఎక్కడ వెతకాలి? దళనాయకుల ఆత్మకథల్లో కోయలు దారి చూపుతారు, గంజి పోస్తారు, పేరు లేకుండానే వెళ్లిపోతారు. ఇది మన చరిత్ర రచనలో అన్నిటికన్నా పెద్ద లోటని నా అభిప్రాయం.

ఆ లోటు ఇప్పుడు మళ్లీ ఏర్పడుతోంది. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సర్కారు అండతో సల్వాజుడుం మొదలయ్యాక దంతెవాడ వైపు నుంచి ఊళ్లకు ఊళ్లు ఇటు వలస వచ్చాయి. 2011 జులైలో సుప్రీంకోర్టు ఆ ఏర్పాటు రాజ్యాంగ విరుద్ధమంది. సామాజిక శాస్త్రవేత్త నందినీ సుందర్ దాని మీద పుస్తకం రాశారు. వచ్చినవాళ్లు మాత్రం ఈ అడవి అంచునే ఉన్నారు. గుత్తికోయలంటాం, కూలికి పిలుస్తాం, ఎందుకు వచ్చారని అడగం.

ఈ సభలో కోయ భాష వచ్చిన ఉపాధ్యాయులు, విద్యార్థులు ఉన్నారు. మీ జేబులో ఉన్న ఫోను చాలు. ముందు ఎనభై దాటినవాళ్ల దగ్గరికి వెళ్లండి, ఆ తరవాత వలసగూడేలకు. చెప్పేవారి ఒప్పుదల అడగండి. పేరు వద్దంటే రాయకండి. వాళ్ల భాషలోనే రికార్డు చేసి, ఒక ప్రతి వాళ్ల ఊళ్లోనే ఉంచండి.