మణికట్టుకు కాలి ఎముక

మణికట్టు దగ్గర బొటనవేలి వైపు వచ్చిన వాపు వారాలు గడిచినా తగ్గకపోతే, బెణుకేలే అని కట్టు కట్టించుకుని ఊరుకోకండి. ఎక్స్‌రే తీయించండి. 20 నుంచి 40 ఏళ్ల వాళ్లలో అక్కడ జెయింట్ సెల్ ట్యూమర్ అనే గడ్డ రావచ్చు. చాలావరకు ఇది క్యాన్సర్ కాదు. కానీ ఎముకను లోపలి నుంచి తినేస్తుంది, తీసేసినా మళ్లీ రావచ్చు.

ముందు చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. ఎముక పైపెంకు గట్టిగా ఉంటే గడ్డను గీకి తీసి, ఆ ఖాళీని ఎముక ముక్కలతోనో బోన్ సిమెంటుతోనో నింపుతారు. ఎముక చివర మొత్తం పాడైతే దాన్ని కోసి తీసేస్తారు. ఆ చోట, మోకాలి కింద బయటివైపు ఉండే సన్నని ఎముక, ఫిబులా పై భాగాన్ని తెచ్చి ప్లేటు, స్క్రూలతో బిగిస్తారు. దాని తల ఆకారం మణికట్టుకు ఇంచుమించు సరిపోతుంది. ఒంటి బరువును ఎక్కువగా మోసేది పక్కనున్న పెద్ద ఎముకే కాబట్టి నడక పెద్దగా దెబ్బతినదు. చీలమండ దగ్గరి కొసను మాత్రం ముట్టుకోరు; ఆ కీలుకు అదే ఆసరా.

కొత్త ఎముక అతుక్కోవడానికి నెలలు పడుతుంది. పొగ తాగితే ఇంకా ఆలస్యం. వేళ్లను మాత్రం డాక్టరు చెప్పిన రోజు నుంచే ఆడించాలి, లేదంటే బిగుసుకుపోతాయి. గడ్డ తిరగబెట్టే అవకాశం ఉంది కనుక కొన్నేళ్లపాటు చెకప్‌లు మానకండి.