మందుచీటీలోని మాటలు

తెలుగులో ‘మందు’ అన్న చిన్న మాట చాలా బరువు మోస్తున్నది. రోగాన్ని కుదిర్చేదీ మందే, పైరుమీది పురుగును చంపేదీ మందే, తుపాకిలో దట్టించేదీ మందే. గిట్టనివారు అన్నంలో కలిపి పెట్టారని పల్లెల్లో అనుమానపడేదీ మందునే. ఇన్ని అర్థాలకు ఒక్క మాటతో సరిపెట్టుకొన్న మన పూర్వులు, తెలిసో తెలియకో, ఒక సత్యాన్ని అందులో ఇమిడ్చిపోయారు. కుదిర్చే శక్తి, చెరిచే శక్తి చాలాసార్లు ఒకే పదార్థంలో ఉంటవి. వాటిలో ఏది పైకి వస్తుందన్నది, ఎంత, ఎప్పుడు, ఎన్నాళ్ళు అన్న మూడు ప్రశ్నలను బట్టి ఉంటుంది. వైద్యుడు చీటీమీద మందు పేరు ప్రక్కన వ్రాసే నాలుగు మాటలు ఈ మూడు ప్రశ్నలకు సమాధానాలే. ఆ మాటలు కూడా మందులో భాగమేనని మనవి చేయడమే ఈనాటి నా ప్రసంగోద్దేశం.

నేను వైద్యుడను కాను. వైద్యుల మాటలను మీకు వినిపించే ఉద్యోగంలో ఉన్నవాడను. శ్రోతల ఉత్తరాలలో “ఫలానా జబ్బుకు మంచి మందు ఏది?” అని అడిగేవి ఎక్కువ, “ఇచ్చిన మందును ఎట్లా వాడుకోవాలి?” అని అడిగేవి బహు తక్కువ. ఆ రెండవ ప్రశ్నకు వైద్యశాస్త్రం చెప్పే సమాధానాలను కొన్నిటిని కూర్చి చెబుతాను.

ముందుగా మ్రింగిన మాత్ర ఏమవుతున్నదో చూద్దాం. తలనొప్పికి వేసుకొన్న మాత్ర తలకు పోతుందని మనం అనుకొంటాం. మాత్రకు నొప్పి ఎక్కడ ఉన్నదో తెలియదు. అది కడుపులో కరిగి, ప్రేవుల గోడల గుండా రక్తంలో ప్రవేశిస్తుంది. రక్తం దానిని మొదట కాలేయానికి, అక్కడి నుండి సర్వాంగాలకు తీసుకొని పోతుంది. నొప్పి మోకాలిలో ఉన్నా, మందు కడుపుకు, మూత్రపిండాలకు కూడా చేరుతుంది.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులనే తీసుకోండి. శరీరంలో ప్రోస్టాగ్లాండిన్‌లు అనే పదార్థాలు తయారవుతూ ఉంటవి. దెబ్బ తగిలిన చోట వాపును, నొప్పిని పెంచేవి అవే. ఆస్పిరిన్ వంటి మందులు వాటి తయారీని ఆపడం ద్వారానే పనిచేస్తాయని 1971లో జాన్ వేన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. అందుకు 1982లో నోబెల్ బహుమానంలో భాగం పొందాడు. అయితే ఈ పదార్థాలే కడుపు లోపలి పొరను ఆమ్లం నుండి కాపాడుతున్నవి. మూత్రపిండాలకు రక్తం సరిగా అందేటట్లు చూస్తున్నవి. మోకాలిలో వీటిని ఆపిన మందు కడుపులోనూ ఆపుతుంది. నొప్పి మాత్రలు నెలల తరబడి సొంతంగా కొని వాడేవారికి కడుపులో పుండ్లు పడడానికి, మూత్రపిండాలు దెబ్బతినడానికి కారణం ఇదే. దుష్ఫలితం మందులోని కల్తీవల్ల కలిగేదని కొందరి భావన. నూటికి నూరుపాళ్ళు మేలురకం మందు కూడా తనకు అప్పగించని చోట పనిచేయక మానదు.

ఇక వేళ సంగతి. ఒక మాత్రను రోజుకొక్కసారి, ఇంకొక దానిని మూడుసార్లు వేసుకోమంటారెందుకు? చిల్లుకుండను ఊహించుకోండి. మనం నీరు పోస్తూ ఉంటాం, చిల్లు గుండా కారిపోతూ ఉంటుంది. నీటిమట్టం ఒక గీతకు దిగువకు పోరాదు, పైనున్న మరొక గీతను దాటరాదు. శరీరమే ఆ కుండ. కాలేయం, మూత్రపిండాలు ఆ చిల్లు. రక్తంలోని మందు సగానికి తగ్గడానికి పట్టే కాలాన్ని అర్ధాయువు అంటారు. అమాక్సిసిల్లిన్ అనే యాంటీబయాటిక్‌కు అది సుమారు ఒక గంట. రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్‌కు 30 నుండి 50 గంటలు. అందుచేత మొదటిదానిని సాధారణంగా ఎనిమిది గంటలకొకసారి ఇస్తారు. రెండవదానికి రోజుకు ఒక్క మాత్ర చాలును.

ఇక్కడ మన ‘పూట’ అన్న మాట కొంత చిక్కు పెడుతున్నది. మూడు పూటలు అనగానే ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, రాత్రి తొమ్మిదికి అని మనం లెక్క వేసుకొంటాం. మొదటి ఎడం ఐదు గంటలు, చివరి ఎడం పదకొండు గంటలు. యాంటీబయాటిక్‌ల విషయంలో ఈ ఎడాలు వీలైనంత సమంగా ఉండడం మంచిది. భోజనంతో పనా, గడియారంతో పనా అని వైద్యుని అడిగి తెలుసుకోవాలి. ఒక పూట మరచిపోతే మరుపూట రెండు మాత్రలు కలిపి వేసుకోరాదు. అప్పుడు నీరు పై గీతను దాటుతుంది. చాలా మందుల విషయంలో, గుర్తు వచ్చిన వెంటనే వేసుకోవచ్చు. తరువాతి వేళ దగ్గరపడితే మరచినదానిని వదిలివేయాలి.

మందుకూ ఆహారానికీ ఉన్న సంబంధం కూడా తెలియదగినది. థైరాయిడ్ మాత్రను పరగడుపున మంచినీటితో వేసుకొని, కనీసం అరగంట ఆగిన తరువాతనే కాఫీ తాగాలి. కాఫీ ఆ మందును ప్రేవుల నుండి రక్తంలోనికి సరిగా పోనివ్వదు. కాల్షియం, ఇనుము మాత్రలకైతే నాలుగు గంటల ఎడం కావాలి. టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌లను పాలతో వేసుకొంటే పాలలోని కాల్షియం వాటిని పట్టి బంధిస్తుంది. మందులో కొంతభాగం వ్యర్థమవుతుంది. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్న సామెత ఇక్కడ చెల్లదు.

మోతాదుకు వద్దాం. జ్వరానికి ప్రతి ఇంటిలోను ఉండే పారాసెటమాల్‌ను మించిన ఉదాహరణ లేదు. సరిగా వాడితే ఇంత నిరపాయమైన మందు అరుదు. ఆరోగ్యవంతులైన పెద్దలకు 24 గంటలలో 4,000 మిల్లీగ్రాములు దాటరాదు. బక్కపలచని వారికి, మద్యం అలవాటున్న వారికి, కాలేయవ్యాధి ఉన్నవారికి హద్దు ఇంకా తక్కువ. కాలేయంలో ఈ మందులో కొద్దిభాగం విషపదార్థంగా మారుతుంది. దానిని విరిచివేసే ద్రవ్యం కాలేయంలో ఉన్నది గాని, అది పరిమితం. మోతాదు మించితే ఆ నిల్వ తరిగిపోయి కాలేయకణాలు నశిస్తాయి. దారుణమేమంటే, మొదటి రోజున రోగి బాగానే ఉన్నట్లు కనిపిస్తాడు. రెండు మూడు రోజులకు గాని ప్రమాదం బయటపడదు. విరుగుడు మందు ఉన్నది, కాని అది మొదటి ఎనిమిది గంటలలో అందితేనే పూర్తిగా అక్కరకు వస్తుంది. మోతాదు మించినదన్న అనుమానం వస్తే లక్షణాలకోసం కాచుకొని ఉండక ఆసుపత్రికి పోవాలి.

ఈ పొరపాటు తెలిసి చేసేవారికంటె తెలియక చేసేవారు అనేకులు. జ్వరానికొక మాత్ర, జలుబుకొక మాత్ర, ఒళ్ళునొప్పులకొకటి వేసుకొంటారు. పేర్లు మూడు, మూడింటిలోను పారాసెటమాల్ ఉండవచ్చు. కంపెనీ పెట్టిన పేరు క్రింద చిన్న అక్షరాలలో ఉన్న అసలు పేరును చదవడం అందుకే అవసరం. పసిపిల్లల సిరప్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములున్న సీసాలు ఉన్నవి, 250 ఉన్న సీసాలు కూడా ఉన్నవి. “ఒక చెంచా” అన్న మాట రెండింటికీ ఒకటి కాదు. వంటింటి చెంచాలు కూడా అన్నీ ఒక కొలతవి కావు. సీసాతో ఇచ్చిన కొలత మూతనే వాడాలి. మోతాదును బిడ్డ బరువును బట్టి వైద్యుడు నిర్ణయించాలి.

మూడవది గడువు. “ఒంట్లో బాగానే ఉన్నది కదా, ఇంకా మందెందుకు?” అన్న ప్రశ్న న్యాయంగానే కనిపిస్తుంది. రక్తపోటు మాత్ర రక్తనాళాల గోడలలోని కండరాన్ని సడలించి ఒత్తిడిని తగ్గిస్తుంది. మందు ఉన్నంతవరకే ఆ సడలింపు. మానివేస్తే ఒత్తిడి మళ్ళీ పెరుగుతుంది. పెరిగినట్లు తెలియదు కూడాను. బాగుండడం మందు అక్కరలేదనడానికి గుర్తు కాదు. అది పనిచేస్తున్నదనడానికి గుర్తు. ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్‌ల కథ వేరు. మూత్రపిండాలమీద ఉన్న అడ్రినల్ గ్రంథులు అటువంటి పదార్థాన్నే శరీరానికి అందిస్తున్నవి. వారాల తరబడి బయటినుండి వస్తూ ఉంటే ఆ గ్రంథులు తమ పని మానుకొంటాయి. మందును హఠాత్తుగా ఆపితే శరీరం నిరాధారమై ప్రాణాపాయం కలుగవచ్చు. కనుక వాటిని మెట్టు మెట్టుగా తగ్గించే భారం వైద్యునిదే.

క్షయ విషయంలో మనకు గర్వించదగిన చరిత్ర ఉన్నది. 1956లో మద్రాసులో ఏర్పడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం, శానిటోరియంలో ఉంచి చికిత్స చేసిన రోగులను, ఇంటివద్దనే మందులు వాడిన పేదరోగులను సరిపోల్చి చూసింది. ఇంటి చికిత్స కూడా దాదాపు అంతే ఫలితం ఇస్తున్నదని 1959లో ప్రకటించింది. ప్రపంచంలో చికిత్సావిధానాన్నే మార్చిన పరిశోధన అది. అప్పటినుండి మందును విడువకుండా వాడే బాధ్యత రోగిమీద, ఇంటివారిమీద పడింది. నేటికీ సాధారణ క్షయకు ఆరు నెలలు మందు వాడాలి. కొన్ని వారాలకే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ వన్నెకు తిరుగుతుంది. అది చూచి రక్తమనుకొని భయపడి మానివేసేవారున్నారు. అది మందు రంగే, హాని లేదు. నడుమ మానివేస్తే మాత్రం, మిగిలిన క్రిములు మందుకు లొంగనివై ఇంటిలో మరొకరికి సోకుతాయి.

పెనిసిలిన్‌ను 1928లో కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్, 1945లో నోబెల్ బహుమానం అందుకొంటూ ఈ హెచ్చరికనే చేశాడు: చాలీచాలని మోతాదు క్రిములను చంపదు, వాటికి ఎదురుతిరగడం నేర్పుతుంది. జలుబుకు, సామాన్యమైన ఫ్లూకు కారణం వైరస్‌లు. వాటిమీద యాంటీబయాటిక్ పనిచేయదు. మాత్రల అట్టమీద నిలువుగా ఎర్రని గీత ఉంటే వైద్యుని చీటీ లేనిదే వాడరాదని అర్థం. యాంటీబయాటిక్‌లమీది ఈ గీతను గురించి కేంద్రప్రభుత్వం 2016లో ప్రచారం చేపట్టింది. ఇంకా తీవ్రమైన కొన్ని మందులను 2014 మార్చి నుండి ప్రత్యేకమైన పట్టికలో చేర్చి, వాటిని అమ్మే దుకాణదారు రోగి పేరును, వైద్యుని పేరును పుస్తకంలో వ్రాసి మూడేళ్ళు భద్రపరచాలని నిబంధన చేశారు.

చీటీలోని ఒక్క మాటకు ఎంత విలువ ఉన్నదో చెప్పడానికి చివరగా ఒక మందును పేర్కొంటాను. 1895లో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ వెనుకనే దానికి ఎదురుగా పనిచేసే పదార్థాలను కూడా రూపొందించింది. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. కణాలు పెరగడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి; దానిని వాడుకోనివ్వకుండా చేసి ఈ మందు కొన్ని కాన్సర్‌లను అణచుతుంది. చిన్న మోతాదులో కీళ్ళవాతానికి ఇది నేడు ముఖ్యమైన ఔషధం. కీళ్ళకు దీనిని వేసుకోవలసినది వారానికి ఒక్కసారి. ‘వారానికి’ అన్న మాటను గమనించక ప్రతిరోజూ వేసుకొంటే నోరు పూస్తుంది, ఎముకలలోని మూలుగు రక్తకణాలను తయారుచేయడం మానివేస్తుంది. ఇట్లా ప్రాణాలు పోయిన ఉదంతాలు అనేక దేశాల వైద్యపత్రికలలో నమోదైనవి. దీనివల్ల కలిగే హానిని తగ్గించడానికి వైద్యులు సాధారణంగా మరొక దినాన ఫోలిక్ ఆమ్లం మాత్ర ఇస్తారు. ఒకే ప్రయోగశాలలో పుట్టిన రెండు పదార్థాలు వేరువేరు దినాలలో ఒకే రోగిని కాపాడుతున్నవి. దినం తప్పితే కాపాడేదే కాటు వేస్తుంది. ఈ మందు వాడేవారు వారంలో ఒక రోజును నిర్ణయించుకొని, ఆ రోజు పేరును డబ్బామీద పెద్ద అక్షరాలతో వ్రాసి, ఇంటిలో మరొకరికి కూడా చెప్పి ఉంచడం మంచిది.

ఇంటిలో పాటించదగిన విషయాలు కొన్ని ఉన్నవి. ఒకరికి వ్రాసిన మందును, జబ్బు ఒకటే అనిపించినా, మరొకరికి ఇవ్వరాదు. వాడుతున్న మందులన్నిటినీ, ఆయుర్వేద, హోమియో మందులతో సహా, ఒక కాగితంమీద వ్రాసి ప్రతి వైద్యునికీ చూపాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి ముందుగా చెప్పాలి. మందు వేసుకొన్న తరువాత ఒళ్ళంతా దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం కలిగితే తక్షణం ఆసుపత్రికి పోవాలి. కోలుకొన్న తరువాత ఆ మందు పేరును జీవితాంతం జ్ఞాపకం ఉంచుకోవాలి. మాత్రలను పిల్లలకు అందని చోట, వాటి అట్టలోనే ఉంచాలి. అలమరాలోని పాత బిస్కట్ డబ్బాలో పేరు తెలియని మాత్రలు పోగుపడి ఉంటే, అవి రేపటికి దాచుకోదగిన ఆస్తి కావు.

వైద్యుని వద్దనుండి లేచి వచ్చేముందు ఎంత, ఎప్పుడు, ఎన్నాళ్ళు అని మూడు ప్రశ్నలు అడగండి. చీటీలోని అక్షరం తెలియకపోతే మళ్ళీ అడగండి. అడగడం అగౌరవం కాదు; వైద్యుని శ్రమలో సగం ఆ సమాధానంలోనే ఉన్నది. మిగిలిన సగాన్ని మనం ఇంటివద్ద పూర్తిచేయవలసి ఉన్నది.