ప్రయాణమునకు దగిన చిన్న తంబుర



కరువు వచ్చినప్పుడు గుత్తిప్రాంతపు కుటుంబములు పనికై బెంగుళూరు మొదలగు పట్టణములకు తరలిపోవుట మీరెఱుగనిది కాదు. అట్టి యింట పాట నేర్చుకొనుచున్న పిల్లవాడుండెనేని, మూటలతోబాటు తంబుర రైలెక్కదు. అది యటుకమీదికి పోవును. దానితో సాధనయు నిలిచిపోవును. కావున పిల్లలతోగూడ ప్రయాణము చేయగల చిన్న వాద్యము నెట్లెన్నుకొనవలెనో నేడు విన్నవించెదను.

చేతబట్టుకొని తిరుగు వాద్యము మనకు క్రొత్త గాదు. అమరావతి శిల్పములలో విల్లువలె వంగిన వీణలు గలవు. నాల్గవ శతాబ్దమున సముద్రగుప్తుడు తన నాణెములపై నట్టి వీణనే యొడిలో నుంచుకొని కూర్చున్నాడు. మన దేశమున నది యంతరించినను బర్మాలో నేటికిని మ్రోగుచున్నది. మనకు మిగిలినవి పొడవైన దండి గల వీణయు, తంబురయు. బొబ్బిలి వీణను పనసమ్రాని యొక్క మొద్దునుండియే తొలుతురు. అది యింటికి శోభయే గాని రైలుపెట్టెలో భయము.

ఇప్పుడు బుర్ర లేకుండ, పలుచని పెట్టెవలె ప్రయాణపు తంబురలు చేయుచున్నారు. వానిని కొనునపుడు మూడు సంగతులు చూడుడు.

మొదటిది శ్రుతి. తీగె పొట్టియైనకొలది నాదము హెచ్చును. మందము, బిగువు మారక పొడవు సగమైనచో శ్రుతి యొక స్థాయి పైకి పోవును. కావున చిన్న తంబుర బాలురకును స్త్రీలకును చక్కగా నమరును. మగవారి తగ్గుశ్రుతికి దింపినచో తీగె వదులై పలుకదు. అట్టివారు లావు తీగెలు వేయించుకొనవలెను.

రెండవది కొయ్య. మన జిల్లాలో సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వానయే. వేసవిలో కొయ్య యెండి కుంచించుకొనును, బిరడలు జారును. పచ్చికొయ్యతో జేసినది పగులును. బిరడ త్రిప్పి, విడిచి, నిలుచునో లేదో అంగడిలోనే చూడుడు. తరువాత జారినచో సుద్ద రాసిన పట్టు వచ్చును. వాద్యమును రేకుల కప్పు క్రింద గాని, కిటికీ యెండలో గాని యుంచరాదు. ప్రయాణమునకు ముందు తీగెలను కొంచెము సడలింపవలెను.

మూడవది గుఱ్ఱము. దానిమీద తీగె క్రింది నూలుపోగును మెల్లగా జరిపినచో, ఒకచోట నాదము విచ్చుకొని ఝంకరించును. ఆ చోటు దొరకని వాద్యమును, ఎంత చౌకయైనను కొనకుడు.

సెల్లుఫోనులోనే తంబుర మ్రోగుచుండగా ఇదంతయు నేల యని యడుగువారు గలరు. శ్రుతికి అది చాలును. కొనలేనివారు దానితోనే పాడించుడు. సాధన నిలిచిపోవుటకంటె నది మేలు. కాని పంచమము, రెండు షడ్జములు, మంద్రషడ్జము అను నాలుగు తీగెలను తానే కూర్చుకొను పిల్లవాని చెవికి వచ్చు పదును యంత్రమువలన రాదని నా నమ్మకము.

ఊరు విడుచు బిడ్డకు సద్దిమూట కట్టునది మన యిండ్లలోని పెద్దచేతులే. ఆ మూటప్రక్క నొక చిన్న తంబురకు చోటు చేయుడు. వానలు వచ్చి బిడ్డ తిరిగి వచ్చునాటికి పాటయు వానితోనే తిరిగి వచ్చును.