మందు చీటీకి రుసుము న్యాయమేనా?



మనవైపు పెద్దవాళ్లు సర్కారు ఆసుపత్రిని ఇప్పటికీ ధర్మాసుపత్రి అంటారు. హోసూరు చుట్టుపక్కల తెలుగు పల్లెల్లోనూ ఈ మాట వినిపిస్తుంది, తమిళ పల్లెల్లోనూ దాదాపు ఇదే మాట వినిపిస్తుంది. మాట చిన్నదే. కాని అందులో ఒక పెద్ద ప్రశ్న ఉంది. అక్కడ కిటికీలోంచి మన చేతికి వచ్చే మందు ధర్మమా, హక్కా? ధర్మమైతే, ఇచ్చేవారు ఇచ్చినంత, పుచ్చుకునేవారు పుచ్చుకున్నంత. హక్కైతే, ఆ కిటికీ దగ్గర డబ్బులు అడగవచ్చునా? ఈ రోజు దీని గురించి కాసేపు ఆలోచిద్దాం.

మందుకు కొంత రుసుము తీసుకోవాలనేవారు మూడు మాటలు చెబుతారు. ఊరికే వచ్చినదానికి విలువుండదు, అందుకని ఐదో పదో పెట్టాలి అనేది మొదటిది. రుసుము ఉంటే అనవసరంగా మందులు తీసుకుపోయేవాళ్లు తగ్గుతారు అనేది రెండోది. ఆసుపత్రికి నాలుగు డబ్బులు వస్తాయి అనేది మూడోది. మూడూ కొట్టిపారేయవలసిన మాటలు కావు. అయితే వీటిని ఊహించి తేల్చుకోవలసిన పని లేదు. ఒక దేశం ఈ మూడింటినీ 70 ఏళ్లుగా ఆచరణలో పెట్టి చూసింది. మన తెలుగు డాక్టర్లు ఎందరో వెళ్లి పనిచేసిన దేశమే అది.

బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ 1948 జూలై 5న మొదలైంది. దాన్ని నెలకొల్పిన మంత్రి అన్యూరిన్ బెవాన్ వేల్సు ప్రాంతంలో బొగ్గుగని కార్మికుడి కొడుకు, తానూ చిన్నతనంలో గనిలో దిగినవాడు. డాక్టరు, ఆసుపత్రి, మందులు, కళ్లద్దాలు, కట్టుడు పళ్లు, అన్నీ రోగికి ఉచితం. ఖర్చు ప్రధానంగా పన్నుల్లోంచి. మూడేళ్లకే, 1951లో, కళ్లద్దాలకూ కట్టుడు పళ్లకూ డబ్బు తీసుకోవాలని ఆయన పార్టీ ప్రభుత్వమే నిర్ణయించింది. బెవాన్ మంత్రి పదవి వదులుకున్నాడు. 1952 జూన్‌లో మందు చీటీకి ఒక షిల్లింగు రుసుము వచ్చింది. 1956లో అది చీటీకి కాక, చీటీలో రాసిన ఒక్కొక్క మందుకూ షిల్లింగు అయింది. 1965లో హెరాల్డ్ విల్సన్ ప్రభుత్వం రుసుమును ఎత్తేసింది. మూడేళ్లు తిరిగేసరికి ఖజానా ఇరుకున పడి, 1968 జూన్‌లో అదే ప్రభుత్వం రెండున్నర షిల్లింగులతో మళ్లీ తెచ్చింది. అప్పటినుంచి ఇంగ్లండులో అది పోలేదు. 2024 మే నెలలో ఒక్కో మందుకు 9 పౌండ్ల 90 పెన్నీలకు చేరింది. అదే రాజ్యంలో వేల్సు 2007లో, ఉత్తర ఐర్లండు 2010లో, స్కాట్లండు 2011లో ఈ రుసుమును పూర్తిగా రద్దు చేశాయి.

ఇక న్యాయం సంగతి చూద్దాం. రుసుము పెట్టగానే పేదలను వదిలిపెట్టాలి కదా అనే ప్రశ్న వస్తుంది. అందుకని మినహాయింపులు పెట్టారు. పిల్లలకు, 60 ఏళ్లు నిండినవారికి, గర్భిణులకు, బాలింతలకు, కొన్ని రకాల ప్రభుత్వ సహాయం పొందేవారికి రుసుము లేదు. కొన్ని దీర్ఘరోగాల వారికీ లేదు. ఈ రోగాల జాబితా 1968లో తయారైంది. మందులు వాడే మధుమేహ రోగులు అందులో ఉన్నారు. మూర్ఛరోగులు ఉన్నారు. థైరాయిడు తక్కువై మాత్రలు వేసుకునేవారు ఉన్నారు. ఉబ్బసం మాత్రం లేదు. క్యాన్సరును చేర్చడానికి 2009 దాకా పట్టింది.

ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. థైరాయిడు మాత్ర వేసుకునే మనిషికి జాబితా ప్రకారం అన్ని మందులూ ఉచితమే. జలుబు చేసినా, చర్మానికి పూత రాసిచ్చినా డబ్బు కట్టనక్కర లేదు. ఊపిరి అందడానికి పీల్చే మందు లేనిదే గడవని ఉబ్బసం రోగి, నలభై ఏళ్ల కూలివాడైనా సరే, కొద్దిగా సంపాదన ఉంటే చాలు, ప్రతి మందుకూ కట్టాలి. అరవై దాటిన కోటీశ్వరుడు ఒక్క పెన్నీ కట్టనక్కర లేదు. దీన్ని న్యాయమని ఎవరు చెప్పగలరు? మినహాయింపు ఉందనుకొని పొరపాటున కాగితం మీద తప్పు గడిలో గుర్తు పెట్టినవారికి 100 పౌండ్ల దాకా జరిమానా కూడా పడవచ్చు.

మా తొమ్మిదో తరగతి పిల్లలకు దీన్ని లెక్కగా ఇచ్చాను. నెలకు మూడు మందులు వాడే మనిషి ఏడాదికి ఎంత కట్టాలి? 356 పౌండ్ల 40 పెన్నీలని పలక మీద వేసి చూపించారు. ముందుగా ఏడాది చందా కట్టేస్తే 114 పౌండ్ల 50 పెన్నీలతో సరిపోతుంది, దాన్ని వాయిదాల్లోనూ కట్టవచ్చు అని కూడా చెప్పాను. న్యాయంగా చెప్పాలంటే అది మంచి ఏర్పాటే. కాని ఆ సంగతి తెలిసి ఉండాలి, నెలనెలా బ్యాంకులో డబ్బుండాలి. వెనక బెంచీ పిల్లవాడొకడు లేచి, "సార్, మందు రాసేది డాక్టరు గదా, మనకెందుకు రుసుము?" అన్నాడు.

నాకు ఆ ప్రశ్న చాలా నచ్చింది. రెండో వాదానికి అదే జవాబు. సంతలో టమాటాలు ఎన్ని కొనాలో మనమే నిర్ణయించుకుంటాం. ధర పెరిగితే తగ్గించుకుంటాం. మందు అలా కాదు. ఏది వాడాలో, ఎన్నాళ్లు వాడాలో చదువుకున్న డాక్టరు నిర్ణయిస్తాడు. రాసేవాడి కలాన్ని సరిచేయవలసిన చోట, మింగేవాడి జేబును పట్టుకుంటే దుబారా ఎలా ఆగుతుంది? అమెరికాలో రాండ్ అనే పరిశోధన సంస్థ 1970లలో వేల మందితో ఒక పెద్ద ప్రయోగం చేసింది. సొంత డబ్బు కొంత పెట్టవలసి వచ్చినవాళ్లు వైద్యం తగ్గించుకున్న మాట నిజమే. అయితే అక్కరలేనిదాన్ని ఎంత తగ్గించుకున్నారో, అవసరమైనదాన్నీ ఇంచుమించు అంతే తగ్గించుకున్నారు. రుసుముకు జల్లెడ పట్టే తెలివి లేదన్నమాట. తాలూ గింజా కలిపి ఊడ్చేస్తుంది. రక్తపోటు మాత్ర ఈ రోజు మానేస్తే ఈ రోజు నొప్పి తెలియదు. అందుకే డబ్బు లేనప్పుడు ముందుగా మానేసేది అలాంటి మాత్రనే. తర్వాత పక్షవాతం వస్తే ఆసుపత్రికయ్యే ఖర్చు ఆ మాత్రల ఖర్చు కంటే ఎన్నో రెట్లు.

ఇక రాబడి. ఇంగ్లండుకు ఈ రుసుము మీద ఏడాదికి 60 కోట్ల పౌండ్లకు పైగా వస్తుంది. వినడానికి పెద్ద మొత్తమే. మొత్తం ఆరోగ్య బడ్జెట్టుతో పోలిస్తే నూటికి ఒక వంతు కూడా కాదు. అక్కడ ఇచ్చే మందుల్లో నూటికి సుమారు 90 మినహాయింపు కిందే పోతాయి. కాబట్టి ఆ భారమంతా మిగిలిన పదింటి మీద, అంటే పూర్తి పేదా కాని, పూర్తి కలవాడూ కాని మధ్యవాడి మీద పడుతుంది. అదే డబ్బును పన్నులో కాస్త కలిపి తీసుకుంటే ఎక్కువ ఉన్నవాడు ఎక్కువ ఇస్తాడు, రోగం వచ్చినవాడు రోగం వచ్చినందుకు ఇవ్వడు.

సరే, ఇంగ్లండు కథ మనకెందుకు అని మీరు అడగవచ్చు. సర్కారు ఆసుపత్రిలో మందు మనకు ఉచితమే గదా అనవచ్చు. 1946లోనే జోసెఫ్ భోర్ కమిటీ, డబ్బు లేనందువల్ల ఎవరూ వైద్యానికి దూరం కాకూడదని మన దేశానికి సిఫారసు చేసింది. కాని ఉచితమని గోడమీద రాస్తే చాలదు. కిటికీ వెనక అలమరలో మందుండాలి. "స్టాకు లేదు, బయట కొనుక్కోండి" అని చీటీ చేతికిస్తే, అదే మన రుసుము. దానికి వయసు మినహాయింపు లేదు, పేదరికం మినహాయింపు లేదు, ఏడాది చందా సౌకర్యమూ లేదు. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2021-22లో దేశంలో వైద్యానికైన మొత్తం ఖర్చులో నూటికి 39 వంతులు జనం నేరుగా తమ జేబులోంచి పెట్టుకున్నదే. 2013-14లో అది 64 వంతులు. తగ్గింది, సంతోషమే. మిగిలింది మాత్రం తక్కువ కాదు.

అలమర ఖాళీగా ఉండకుండా చూడడం ఎలాగో తమిళనాడు చూపించింది. 1994లో వైద్య సేవల సంస్థను స్థాపించి, ఆసుపత్రులకు కావలసిన మందులన్నీ ఒకేచోట టెండరు పిలిచి కొనడం మొదలుపెట్టారు. బ్రాండు పేరు కాక మందు పేరు చూసి కొన్నారు. కొన్న సరుకును ప్రయోగశాలల్లో పరీక్ష చేయించారు. జిల్లాల్లో గిడ్డంగులు కట్టారు. ప్రతి ఆసుపత్రికీ బ్యాంకు పుస్తకం లాంటి పాస్‌బుక్కు ఇచ్చి, దాని వాటా ఎంతో, తీసుకున్న సరుకెంతో అందులో రాయించారు. అమ్మకానికి కాదని మాత్రల అట్ట మీదే అచ్చు వేయించారు. ఆ తర్వాత ఎన్నో రాష్ట్రాలు ఈ పద్ధతిని చూసి నేర్చుకున్నాయి. 2011లో రాజస్థాన్ ఉచిత మందుల పథకం ఇదే బాట పట్టింది. దుబారాను తగ్గించిందీ, మందుకు విలువ తెచ్చిందీ రోగి దగ్గర తీసుకున్న పది రూపాయలు కావు. సరిగ్గా కొనడం, సరిగ్గా లెక్క రాయడం.

కాబట్టి శ్రోతలారా, నా మనవి ఇది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు, సంపాదిస్తున్నప్పుడు, ఎవరి శక్తి కొద్దీ వారి దగ్గర తీసుకోండి. మంచాన పడినప్పుడు ఎవరి అవసరం కొద్దీ వారికి ఇవ్వండి. ఈ రెండింటినీ కిటికీ దగ్గర కలపకండి. మన వంతు పనీ ఒకటుంది. అగ్గిపెట్టె కొన్నా, సబ్బు కొన్నా మనం పన్ను కడుతూనే ఉన్నాం. అందువల్ల ఆ మందుకు ఎప్పుడో డబ్బు కట్టేశాం. మందు లేదని చెప్పినప్పుడు తల వంచుకొని బయటి షాపుకు నడిచే ముందు, ఎప్పుడు వస్తుందని మర్యాదగా అడుగుదాం. నలుగురం కలిసి వైద్యాధికారికి ఒక అర్జీ రాసిద్దాం. మన బామ్మలు ధర్మాసుపత్రి అన్న మాటలోని ధర్మానికి దానం అనే కాదు, న్యాయం అనే అర్థం కూడా ఉంది. ఆ అర్థాన్నే మనం పట్టుకుందాం.