పసిబిడ్డకు తల్లి ఒళ్లే కుంపటి



పొద్దున్నే కంచె మీద తొండను చూశారా? ఎండ తగిలితే గానీ అది చురుగ్గా కదలదు. దానికి వేడి బయటి నుంచి రావాలి. కోడి అలా కాదు. మంచు కురుస్తున్నా మేతకు పోతుంది. ఆవు, మేక, మనిషి కూడా అంతే. వీటికి వేడి ఒంట్లోనే పుడుతుంది.

ఎలా పుడుతుంది? పొయ్యిలో కట్టె మండి వేడినిస్తుంది. తిన్న తిండి కూడా అలాగే ఒంట్లో మెల్లగా ఖర్చయి వేడినిస్తుంది. పొద్దున్న తాగిన చోడి అంబలి పనికి బలం, ఒంటికి వేడి. మనిషి ఒంటి వేడి సుమారు 37 డిగ్రీలు. కోడికి సుమారు 41.

ఈ వేడి మరీ పెరగకూడదు, మరీ తగ్గకూడదు. ఎండలో పని చేస్తే చెమట పడుతుంది. చెమట ఆరుతూ వేడిని తీసుకుపోతుంది. కుక్క నాలుక చాపి రొప్పుతుంది. గేదె చెరువులో దిగుతుంది. సీతంపేట కొండల్లో చలికాలం తెల్లవారుజామున మనకు వణుకు పుడుతుంది కదా! ఆ వణుకుతో కండలు కదిలి వేడి పుడుతుంది.

మరి అప్పుడే పుట్టిన బిడ్డ? ఆ బిడ్డ మనలా వణకలేదు. తడి ఒంటితో పుడుతుంది. తడి ఆరుతూ వేడిని లాగేస్తుంది. రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువుంటే ఇంకా తొందరగా చల్లబడుతుంది. చల్లబడిన బిడ్డ పాలు సరిగా తాగలేదు. పాలు లేకపోతే వేడి పుట్టదు. అలా ప్రాణం మీదికి వస్తుంది.

పుట్టగానే నీళ్లు పోయాలని పెద్దలు అంటారు. శుభ్రం కోసమే అంటారు. కానీ ఒక రోజైనా ఆగాలి. ముందు పొడిగుడ్డతో తుడవండి. తలకు టోపీ పెట్టండి. తల్లి గుండెల మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టండి. పైన దుప్పటి కప్పండి. గంటలోపే తల్లిపాలు పట్టండి.

1978లో కొలంబియా దేశంలో ఎడ్గార్ రే అనే డాక్టరు ఈ పద్ధతి మొదలుపెట్టాడు. అక్కడ బిడ్డల్ని వెచ్చగా ఉంచే పెట్టెలు చాలలేదు. తక్కువ బరువు బిడ్డల్ని తల్లుల గుండెలకు హత్తి కట్టించాడు. ఇప్పుడు మన దేశంలోనూ ఆసుపత్రుల్లో ఇలా చేయిస్తున్నారు. దీనికి డబ్బు ఖర్చు లేదు. తల్లికి అలుపు వస్తే తండ్రి, అమ్మమ్మ కూడా ఎత్తుకోవచ్చు.

బిడ్డ పాదాలు, పొట్ట ముట్టి చూస్తూ ఉండండి. రెండూ చల్లగా ఉంటే ఆలస్యం వద్దు. ఒంటికి హత్తుకునే ఆసుపత్రికి తీసుకెళ్లండి. 108కి ఫోన్ చేయండి.