నిద్రలో ఊపిరి: మాస్కు ఎవరి కొలతకు, ఎవరి ఖర్చుకు?

(బిలాస్‌పూర్ సర్కండాలో జరిగిన తెలుగు రైల్వే కార్మికుల అధ్యయన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల తెలుగువారు ఈ లైను వెంట వచ్చి బిలాస్‌పూర్‌లో స్థిరపడ్డారు. తాతలు బొగ్గు ఇంజన్లలో పార పట్టారు. మనుమలు ఎలక్ట్రిక్ లోకోలు నడుపుతున్నారు. 2003 ఏప్రిల్‌లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఈ ఊరు ప్రధాన కేంద్రమయింది. కోర్బా, గేవ్రా గనుల బొగ్గు దేశం నలుమూలలకు ఈ దారినే పోతున్నది. బొగ్గు బండికి పగలు రాత్రి అనే భేదం లేదు. దానిని నడిపే మనిషికీ లేకుండా పోయింది.

జీతభత్యాల గురించి, డ్యూటీ గంటల గురించి మనం పలుమార్లు చర్చించుకున్నాము. విశ్రాంతి సమయంలో మనిషి నిద్ర ఎలా సాగుతున్నదన్న ప్రశ్న మాత్రం మన ఎజెండాలో అరుదుగా కనబడుతుంది. నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా అనే వ్యాధిని, దాని చికిత్సకు వాడే గాలి యంత్రాన్ని, మాస్కును కార్మికుని దృష్టితో పరిశీలించటానికి నేడు పూనుకుంటున్నాము. ఇది వైద్యులు మాత్రమే మాట్లాడవలసిన విషయమని కొందరు అనవచ్చు. ఏ పనిముట్టు తన చేతికి అమరుతుందో, ఏది అమరదో చెప్పే హక్కు దానిని వాడే కార్మికునికి ఉన్నదని మన ఉద్యమం మొదటి నుంచీ చెబుతూ వస్తున్నది. ఈ మాస్కు విషయంలోనూ ఆ మాటే వర్తిస్తుంది.

ముందుగా వ్యాధి సంగతి. నిద్రలో గొంతు కండరాలు సడలి, నాలుక వెనుకకు జారి, గాలి పోయే దారి మూసుకుపోతుంది. పది సెకన్లు లేదా అంతకు మించి ఊపిరి ఆగినా, బాగా తగ్గినా దానిని ఒక అంతరాయంగా లెక్కిస్తారు. గంటకు అటువంటివి 5 నుంచి వ్యాధిగా, 15 నుంచి మధ్యస్థంగా, 30 నుంచి తీవ్రంగా పరిగణిస్తారు. ప్రతిసారీ రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది, మెదడు ఉలిక్కిపడి మనిషిని క్షణకాలం మేల్కొలుపుతుంది, గొంతు తెరుచుకుంటుంది, మళ్లీ నిద్ర, మళ్లీ మూత. తెల్లవారిన తరువాత అతనికి ఇదేమీ జ్ఞాపకం ఉండదు. ఎనిమిది గంటలు పడుకున్నానని నిజాయితీగా చెబుతాడు. కానీ అతని శరీరానికి ఆ ఎనిమిది గంటల నిద్ర దక్కలేదు. రక్తపు పోటు పెరుగుతుంది, పగలు కునుకు ముంచుకు వస్తుంది. లావుపాటి వారికే వస్తుందనుకోవటం పొరపాటు. దవడ, గొంతు నిర్మాణాన్ని బట్టి సన్ననివారికీ వస్తుంది. ఈ వ్యాధికి మొదటి సాక్షి ఇంట్లో ఇల్లాలు. రన్నింగ్ రూములో అయితే పక్క మంచం మీది తోటి కార్మికుడు. పెద్ద గురక, ఉన్నట్టుండి నిశ్శబ్దం, ఆ తరువాత ఉక్కిరిబిక్కిరిగా ఊపిరి. మనం నవ్వుకుని వదిలివేసే ఆ గురకలో ప్రమాద సూచన ఉన్నది.

ఇది ఊహాజనితమైన భయం కాదు. 2001 నవంబరు 15న అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో క్లార్క్‌స్టన్ దగ్గర రెండు గూడ్సు బండ్లు ఢీకొని ఇద్దరు సిబ్బంది మరణించారు. సరైన చికిత్స అందని స్లీప్ ఆప్నియా వలన కలిగిన అలసటే కారణమని అక్కడి జాతీయ రవాణా భద్రతా బోర్డు తేల్చింది. 2003 ఫిబ్రవరి 26న జపానులో గంటకు 270 కిలోమీటర్ల వేగంతో పోతున్న షింకన్‌సెన్ బండి డ్రైవరు దాదాపు ఎనిమిది నిమిషాలు నిద్రపోయాడు. ఆటోమేటిక్ వ్యవస్థ ఒకయామా స్టేషనులో బండిని ఆపింది. పరీక్షలో అతనికి ఇదే వ్యాధి ఉన్నట్టు బయటపడింది. 2013 డిసెంబరు 1న న్యూయార్కులో 48 కిలోమీటర్ల వేగం దాటకూడని మలుపును ఒక బండి 132 కిలోమీటర్ల వేగంతో తీసుకుని పట్టాలు తప్పింది, నలుగురు మరణించారు. ఆ డ్రైవరుకు అంతవరకు ఎవరూ గుర్తించని తీవ్రమైన ఆప్నియా ఉన్నది.

మన ఊరి గాయం ఇంకా పచ్చిగానే ఉన్నది. 2025 నవంబరు 4న బిలాస్‌పూర్ దగ్గర మెము బండి గూడ్సు బండిని వెనుక నుంచి ఢీకొని, లోకో పైలట్‌తో సహా పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ దుర్ఘటనకు నిద్రతో సంబంధం ఉన్నదని మేము అనటం లేదు. మరణించినవాని మీద ఊహాగానాలు మోపే అలవాటు మనకు లేదు. క్యాబులో కూర్చున్న మనిషి కన్ను ఒక్క క్షణం మూతపడితే ఎన్ని కుటుంబాలు ఆ క్షణం మీద ఆధారపడి ఉంటాయో మాత్రం జ్ఞాపకం చేస్తున్నాము.

ఇక చికిత్స. 1980కి ముందు తీవ్రమైన రోగికి గొంతులో రంధ్రం పెట్టటమే ముఖ్యమైన మార్గం. ఆ సంవత్సరం జూన్ మాసంలో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో కాలిన్ సల్లివాన్ అనే వైద్యుడు ముక్కు ద్వారా నిరంతరం గాలి ఒత్తిడి పంపి గొంతును తెరిచి ఉంచే పద్ధతిని మొదటిసారిగా రోగిపై ప్రయోగించాడు. 1981లో లాన్సెట్ పత్రికలో దానిని ప్రకటించాడు. తొలి యంత్రాలకు వ్యాక్యూమ్ క్లీనరు మోటార్లను వాడుకున్నారు. తొలి మాస్కులను ఒక్కొక్క రోగి ముక్కుకు ప్లాస్టరు అచ్చు తీసి, దానిని బట్టి తయారు చేసేవారు. రాత్రి జిగురుతో ముఖానికి అతికించి, ఉదయం ఊడదీసేవారు. ఎంత మోటుగా ఉన్నా అందులో ఒక న్యాయం ఉన్నది: మాస్కును మనిషి కొలతకు చేశారు. తరువాత ఫ్యాక్టరీ ఉత్పత్తి వచ్చింది. చిన్న, మధ్య, పెద్ద సైజులు వచ్చాయి. మెత్తని సిలికోన్ అంచులు వచ్చాయి. ధర తగ్గింది, సౌకర్యం పెరిగింది. మనిషి కొలత మాత్రం వెనుకబడింది.

ఈ యంత్రం మనకు కొత్త కాదు. లోకోలో ట్రాక్షన్ మోటార్లను చల్లబరచే బ్లోయరుకు ఇది చిన్న తమ్ముడు. గాలిని ఫిల్టరు గుండా పీల్చి, గొట్టం ద్వారా మాస్కుకు పంపుతుంది. ఒత్తిడి 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటిమట్టం వరకు ఉంటుంది. బ్రేక్ పైపులో మనం చదరపు సెంటీమీటరుకు 5 కిలోలు చూస్తాము. ఈ మాస్కులో 10 సెంటీమీటర్ల ఒత్తిడి దానిలో అయిదు వందవ వంతు మాత్రమే. అంత స్వల్పమైన ఒత్తిడి రాత్రంతా నిలకడగా ఉండాలి. కాస్త లీకయితే పడిపోతుంది. బ్రేక్ పైపులో లీకేజీని ఫీడ్ వాల్వు పూరించినట్టు ఈ యంత్రమూ ఫ్యాను వేగం పెంచి పూరించటానికి ప్రయత్నిస్తుంది. దానికీ ఒక హద్దు ఉన్నది.

అన్ని లీకులూ చెడ్డవి కావు. వదిలిన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు బయటికి పోవటానికి మాస్కుకు సన్నని రంధ్రాలు పెడతారు. వాటి గుండా సాధారణంగా నిమిషానికి ఇరవై, ముప్పై లీటర్ల గాలి పోతూనే ఉండాలి. రంధ్రాలు తక్కువయితే మనిషి తన ఊపిరినే తిరిగి పీల్చుకుంటాడు. ఎక్కువయితే చప్పుడు, చలి. ముక్కు నోరు రెండూ కప్పే మాస్కుకు కరెంటు పోయినప్పుడు దానంతట అదే తెరుచుకుని బయటి గాలిని రానిచ్చే వాల్వు తప్పనిసరి. కరెంటు కోతలు తెలిసిన మనకు ఆ చిన్న రబ్బరు రేకు విలువ వేరే చెప్పనక్కరలేదు.

అసలు సమస్య ముఖం దగ్గర వస్తుంది. ముక్కు దూలం ఎత్తు, ముక్కు వెడల్పు, చెంప ఎముక, గడ్డం పొడవు మనిషికీ మనిషికీ, జాతికీ జాతికీ తేడాగా ఉంటాయి. పరిశ్రమలలో వాడే రక్షణ మాస్కుల చరిత్ర మనకు ఒక పాఠం. అమెరికాలో వాటిని పరీక్షించటానికి దశాబ్దాల పాటు వాడిన ముఖ కొలతల పట్టిక 1967-68లో వైమానిక దళ సిబ్బందిని కొలిచినది. 2003లో అక్కడి వృత్తి ఆరోగ్య సంస్థ 3,997 మందిని కొలిచి చూస్తే ఆ పట్టిక నేటి కార్మికులకు సరిపోవటం లేదని తేలింది. యుద్ధ విమానం నడిపే యువకుని ముఖానికి సరిపోయినది గనిలోని స్త్రీకి, ఫౌండ్రీలోని పెద్దమనిషికి సరిపోతుందని ఎలా అనుకుంటాము? ముందు ఎవరిని కొలిచారన్నదే రూపకల్పనలో మొదటి ప్రశ్న. మన దేశపు రన్నింగ్ సిబ్బంది ముఖాలను కొలవకుండా తయారైన మాస్కు కళ్లలోకి గాలి ఊదుతుంది, ముక్కు దూలం మీద పుండు చేస్తుంది. మీసం గల సోదరులకు అంచు ఆనదు. వారికి ముక్కు రంధ్రాలకు మాత్రమే ఆనే చిన్న దిండ్ల రకం మేలు. ఈ సలహా ఇచ్చేవారు లేక యంత్రాన్ని అటక ఎక్కించినవారు మాకు కనబడ్డారు. వాడని మాస్కు వలన రోగం కుదరదు. ఆ తప్పును రోగి మీదకు నెట్టటం అన్యాయం.

ముఖం ఎంత ముఖ్యమో పరిసరాలూ అంతే ముఖ్యం. కోర్బా వైపు రన్నింగ్ రూములో బొగ్గు ధూళికి ఫిల్టరు త్వరగా నల్లబడుతుంది. పెండ్రా రోడ్డు చలిలో తేమ గాలి గొట్టంలో నీరై ముక్కులోకి కారుతుంది. వేడి గొట్టం ఉంటే ఆ బాధ తగ్గుతుంది. రాత్రి డ్యూటీ చేసి మే నెల ఎండలో పగలు పడుకునే మనిషికి చల్లని గది లేనిదే ఏ మాస్కూ నిలవదు. యంత్రాలలో ఎక్కువ భాగం 12 లేదా 24 వోల్టులతో నడుస్తాయి కనుక బ్యాటరీ ఏర్పాటు కష్టం కాదు. లోపలి వస్తువుల నాణ్యతకూ హామీ కావాలి. 2021 జూన్‌లో ఫిలిప్స్ సంస్థ తన యంత్రాలలో చప్పుడు తగ్గించటానికి పెట్టిన నురుగు పదార్థం విచ్ఛిన్నమై రేణువులు ఊపిరిలోకి పోవచ్చునని ప్రకటించి, ప్రపంచమంతటా లక్షలాది యంత్రాలను వెనుకకు పిలిపించింది. వేడి, తేమ ఆ చెడుపును పెంచుతాయని ఆనాడే చెప్పారు. మన వేసవిలో, మన వర్షాకాలంలో పరీక్షించిన యంత్రం కావాలని అడగటం అత్యాశ కాదు.

మిత్రులారా! ఇన్ని చెప్పినా కార్మికుడు పరీక్షకు వెనుకాడటానికి అసలు కారణం భయం. వ్యాధి పేరు కాగితం మీదకు వస్తే వైద్య వర్గం తగ్గుతుందని, క్యాబు దిగి బల్ల ముందు కూర్చోవలసి వస్తుందని, మైలేజీ పోతుందని అతని భయం. పిల్లల చదువులు, ఇంటి అప్పు ఆ మైలేజీ మీదనే నడుస్తున్నాయి. అందుచేత అతను గురకను దాచుకుంటాడు. ఈ వ్యాధి చికిత్సకు లొంగేది. మాస్కు క్రమంగా వాడేవారిలో పగటి కునుకు తగ్గుతుంది. అటువంటప్పుడు చెప్పుకున్నవానిని శిక్షించి, దాచుకున్నవానిని బండి ఎక్కించే పద్ధతి వలన ప్రయాణికుల భద్రతకు ఒరిగేదేమిటి?

మరొక ప్రమాదాన్నీ గమనించాలి. ఈ యంత్రాలు రాత్రి ఎన్ని గంటలు వాడారో, ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో నమోదు చేస్తాయి. వైద్యునికి అది అవసరం. చార్జిషీటు రాసే అధికారి చేతికి అది పోతే మంచం కూడా డ్యూటీ స్థలమవుతుంది.

ఇంకొక మాట స్పష్టంగా చెప్పాలి. మాస్కు డ్యూటీ గంటలకు ప్రత్యామ్నాయం కాదు. 1973 ఆగస్టులో లోకో రన్నింగ్ సిబ్బంది సమ్మె చేసి పది గంటల డ్యూటీ ఒప్పందాన్ని సాధించారు. 1974 మే నెల మహా సమ్మెలో ఎనిమిది గంటల పని దినం కోసం ఎందరో జైళ్లకు పోయారు. వరుసగా రాత్రులు నడిపించి, చాలినంత విశ్రాంతి ఇవ్వకుండా, కునుకు వస్తే "నీకు గురక జబ్బు ఉన్నది" అనే వాదానికి మనం తావు ఇవ్వరాదు. నిద్రకు సమయం ఇవ్వటం ఒక బాధ్యత, ఆ సమయంలో ఊపిరి ఆడేలా చూడటం మరొక బాధ్యత. రెండూ యాజమాన్యానివే.

కనుక ఈ క్రింది కోర్కెలను మీ చర్చకు పెడుతున్నాము:

1. రన్నింగ్ సిబ్బందికి నిర్ణీత వైద్య పరీక్షలతో పాటు నిద్ర పరీక్షను ఉచితంగా, డ్యూటీ కాలంగా లెక్కించి జరపాలి.

2. యంత్రాన్ని, మాస్కును, ఫిల్టర్లను పనిముట్లుగా పరిగణించి యాజమాన్యమే ఇవ్వాలి. అరిగిన మాస్కును కాలానుసారం మార్చాలి. వీటికయ్యే పదుల వేల రూపాయలు జీతం నుంచి పోరాదు.

3. కనీసం మూడు రకాల మాస్కులు ముఖానికి పెట్టి చూసి ఎంచుకునే అవకాశం, అమర్చటం నేర్పే మనిషి రైల్వే ఆసుపత్రిలో ఉండాలి.

4. ప్రతి రన్నింగ్ రూములో మంచం పక్కన ప్లగ్గు, కరెంటు పోయినా ఆగని సరఫరా, శుద్ధ జలం ఏర్పాటు చేయాలి.

5. చికిత్స పొందుతున్న కాలంలో మైలేజీకి రక్షణ ఉండాలి. యంత్రపు నమోదులు వైద్యునికి, కార్మికునికి మధ్యనే ఉండాలి.

6. కాంట్రాక్టు కార్మికులకు, గనులలో డంపర్లు నడిపేవారికి ఇవన్నీ వర్తించాలి.

7. మన దేశపు కార్మికుల ముఖ కొలతలు సేకరించి, వాటి ఆధారంగా మాస్కులు తయారు చేయించాలి. ఆ పనిలో యూనియన్ల ప్రతినిధులు ఉండాలి.

ఈ సర్కండాలో, సీపత్ రోడ్డు మీద, బొగ్గు సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్నది. ఏటి కావల రైల్వే ప్రధాన కార్యాలయం ఉన్నది. ఎన్ని టన్నులు తవ్వారో, ఎన్ని రేకులు కదిలాయో అక్కడ ప్రతిరోజూ లెక్క కడతారు. ఆ రేకులను కదిలించిన మనిషి ఎన్ని గంటలు ఊపిరి తెగకుండా నిద్రపోయాడో కూడా లెక్క కట్టించటం మన పని. ఈ రాత్రి రన్నింగ్ రూములో పక్క మంచం మీది గురక ఉన్నట్టుండి ఆగితే నవ్వి ఊరుకోకండి. ఉదయం అతనికి చెప్పండి, యూనియన్ కార్యాలయానికి వెంటబెట్టుకుని రండి. పరీక్షకు అతనితో పాటు మేము వస్తాము.