డోలీ మోసే ముందు కార్డు చదవండి

(ఆగస్టు 9, ఆదివాసీ దినోత్సవం నాడు పాడేరు ఏజెన్సీలో జరిగిన యువత సమావేశంలో ఒక ఆశా కార్యకర్త మాట్లాడిన మాటలు)



నాకు మైకు పట్టుకోవడం అలవాటు లేదు. మందుల సంచి పట్టుకుని కొండెక్కడమే అలవాటు. అందుకని మీ ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పినట్టే చెప్తాను.

పోయిన వానాకాలం మా పంచాయతీలో ఒక చెల్లిని డోలీలో మోశారు. నలుగురు తమ్ముళ్లు వంతులు మార్చుకుంటూ, బురదలో నడిచి, గెడ్డ దాటి రోడ్డు దాకా తెచ్చారు. ఇంకో తమ్ముడు వీడియో తీశాడు. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

వీడియో తియ్యడం తప్పని నేను అనను. రోడ్డు అడగాలంటే మన కష్టం పదిమందికీ కనపడాలి. కానీ తర్వాత నేను ఆ ఇంటికెళ్లి తల్లీబిడ్డ కార్డు తీసి చూశాను. ఐదో నెల దగ్గర రక్తం 6.8 అని రాసుంది. కింద ఎర్ర పెన్నుతో గీత కొట్టి, పెద్దాసుపత్రికి వెళ్లమని రాశారు. ఎవరూ వెళ్లలేదు. ఆ చెల్లి భర్త ఇంటర్ చదివాడు. "కార్డులో ఏముందో ఎప్పుడైనా చూశావా తమ్ముడూ" అంటే తల దించుకున్నాడు. ఐరన్ మాత్రలు బియ్యం డబ్బా వెనకాల అట్టలు అట్టలుగా అలాగే ఉన్నాయి. తప్పు ఆయన ఒక్కడిదే కాదు. మాత్రలు ఇచ్చి, రిజిస్టర్లో రాసుకుని వచ్చేశాను నేను. మింగుతున్నావా చెల్లీ అని కూర్చుని అడగలేదు.

రక్తం తక్కువ కావడం వల్లే బిడ్డ పోయిందని నేను చెప్పలేను. కానీ ఆ ఎర్ర గీతకీ డోలీకీ మధ్య నాలుగు నెలలున్నాయి. అప్పుడు వానల్లేవు. దారి పొడిగానే ఉంది, జీపులు తిరుగుతూనే ఉన్నాయి. ఈ రోజు నేను చెప్పాలనుకున్నది ఆ నాలుగు నెలల గురించే.

నెల తప్పిందని తెలియగానే, మూడు నెలలు నిండకముందే పేరు రాయించాలి. కాన్పు లోపల కనీసం నాలుగుసార్లు పరీక్ష చేయించాలి. ప్రతిసారీ బరువు, బీపీ, రక్తం, మూత్రం చూడాలి. కార్డులో ఈ గళ్లు ఖాళీగా ఉంటే ఎందుకు ఖాళీగా ఉన్నాయని అడగండి. నన్నైనా సరే అడగండి.

రక్తం 11 కంటే తక్కువుంటే రక్తహీనత. 7 కంటే తక్కువైతే మాత్రలతో ఇంట్లో కూర్చునే పని కాదు, ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. నాలుగో నెల నుంచి రోజుకొక ఐరన్ మాత్ర, 180 రోజులు. కాన్పయ్యాక ఇంకో 180 రోజులు. "మాత్రలు మింగితే బిడ్డ పెద్దదైపోయి కాన్పు కష్టమవుద్ది" అని అత్తలు అంటారు. అది నిజం కాదు. విరేచనం నల్లగా వస్తే భయపడొద్దు, అది మాత్ర రంగే. కడుపులో తిప్పితే రాత్రి తిన్నాక వేసుకోండి. టీతో మింగొద్దు. కాల్షియం మాత్రకీ దీనికీ కొన్ని గంటలు తేడా ఉండాలి.

ఇంకో మాట. మన ఆదివాసీల్లో సికిల్‌సెల్ ఉంది. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే, చూడటానికి ఇద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు. కానీ ప్రతి కాన్పులో బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. అందుకని భార్యకి ఒక్కదానికే కాదు, భర్తకీ పరీక్ష కావాలి. పెళ్లికి ముందే చేయించుకుంటే మరీ మంచిది. సికిల్‌సెల్ జబ్బున్న వాళ్లు ఐరన్ మాత్రలు సొంతంగా వేసుకోకూడదు, డాక్టర్ని అడిగే వేసుకోవాలి.

తిండి గురించి మన కొండల్లో కొత్తగా చెప్పక్కర్లేదు. చోడి అంబలి, కందులు, రాజ్మా, ములగాకు, గుడ్డు, చేప, మాంసం ఉన్నాయి. కాకపోతే ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది ఆమె తింటోంది. కడుపుతో ఉన్న మనిషి ముందు తినాలి, రోజూ తినేదానికంటే ఒక పూట ఎక్కువ తినాలి. వాంతులైతే కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినాలి. నీళ్లు కూడా నిలవకపోతే ఆసుపత్రికి రావాలి. జీలుగు కల్లు, సారా, చుట్ట ఈ తొమ్మిది నెలలూ పక్కన పెట్టాలి. పండగ అయినా సరే. బరువైన కట్టెల మోపు, నీళ్ల బిందె మగవాళ్లు ఎత్తుకుంటే పరువేం పోదు.

మన దగ్గర జ్వరం అంటే మామూలు అనుకుంటాం. గర్భిణికి జ్వరం మామూలు కాదు. మలేరియా తల్లి రక్తాన్ని తినేస్తుంది, బిడ్డ బరువు తగ్గిపోద్ది. అదే రోజు రక్త పరీక్ష చేయించాలి. సంతలో మాత్రలు కొని వేసుకోవద్దు. దోమతెర చేపలు పట్టడానికి కాదు, ఆమె పడుకోవడానికి.

సాయంత్రానికి పాదాలు కొంచెం ఉబ్బడం, నడుం నొప్పి, గుండెల్లో మంట చాలామందికి ఉంటాయి. కానీ ముఖం, చేతులు ఉబ్బినా, తల పగిలిపోయేంత నొప్పొచ్చినా, కళ్లు మసకబారినా, ఫిట్స్ వచ్చినా ఆగొద్దు. బీపీ 140/90 దాటితే అదీ ప్రమాదమే. రక్తం పోయినా, ఉమ్మనీరు కారినా, బిడ్డ కదలిక తగ్గినా, పడుకున్నా ఆయాసం వచ్చినా తెల్లారేదాకా చూద్దాం అనొద్దు. దెయ్యం పట్టిందని గురువు దగ్గరికి తీసుకెళ్లి గంటలు పోగొట్టొద్దు.

ఆసుపత్రికి ఎందుకు రారో నాకూ తెలుసు. ఒకసారి నేను తీసుకెళ్లిన అక్కని "ఇంత ఆలస్యంగానా, మీకు బుద్ధి రాదా" అని అందరి ముందూ తిట్టారు. ఆమెకి వచ్చింది కువి భాష, అక్కడున్నోళ్లకి వచ్చింది తెలుగు. మళ్లీ కాన్పుకి ఆమె రాలేదు. అలాంటి చోట చదువుకున్న మీరు పక్కన నిలబడాలి. ఆమె మాట అటు, వాళ్ల మాట ఇటు చెప్పాలి. మన మంత్రసాని అమ్మని కూడా వెంట తీసుకెళ్లండి. ఆమె చెయ్యి పట్టుకుంటే ఆ తల్లికి సగం భయం పోద్ది.

ఇవేవీ ఎవరో పెట్టే భిక్ష కాదు. 2011 నుంచి జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తం, తిండి, రానూపోనూ బండి అన్నీ ఉచితం. 2013 ఆహార భద్రత చట్టం గర్భిణికి అంగన్‌వాడీలో ఉచిత భోజనం హక్కు అంటోంది. ప్రసూతి సాయం 6000 రూపాయలకి తగ్గకూడదనీ అంటోంది. ఆధార్‌లో పేరు తప్పో, బ్యాంకు ఖాతా కలవకో ఆ డబ్బు ఆగిపోతోంది. ఆ కాగితం పని మీది.

దారి లేని ఊళ్లకి ఇంకో ఏర్పాటు ఉంది. కాన్పు తేదీకి ముందే గర్భిణుల వసతి గృహానికి వచ్చి ఉండటం. సాలూరులో అలాంటిది నడిచింది. కానీ ఇంట్లో పిల్లల్నీ, మేకల్నీ ఎవరు చూస్తారని ఆడవాళ్లు రారు. ఆ పదిహేను రోజులు ఊరు చూసుకోవాలి. వసతి గృహం లేని చోట పెట్టమనీ, ఉన్న చోట మంచి తిండి పెట్టమనీ ఐటీడీఏని అడగాలి. రోడ్డు అడగడం మానొద్దు. రోడ్డు వచ్చేదాకా తల్లుల్ని వదిలెయ్యొద్దు కూడా.

ఈ రోజు 9వ తేదీ. మనకి ఆదివాసీ దినోత్సవం. 2016 నుంచి ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో, నాలుగో నెల దాటిన గర్భిణులకి డాక్టరు ఉచితంగా పరీక్ష చెయ్యాలి. మనం ఏడాదికొకసారి జెండా పట్టుకుని వస్తున్నాం. మిగతా పదకొండు 9లు కూడా మనవే. ఊరికి ఇద్దరు చాలు. ఎవరు కడుపుతో ఉన్నారు, ఎన్నో నెల, రక్తం ఎంత, కాన్పు తేదీ ఎప్పుడు, బండి ఎక్కడిదాకా వస్తుంది అని ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆ తేదీ వానల్లో పడితే ముందే బయల్దేరదీయండి.

ఆ చెల్లికి ఇప్పుడు మళ్లీ మూడో నెల. ఈసారి కార్డు ఆమె భర్త జేబులో ఉంటోంది. మొన్న నాకు ఫోన్ చేసి, "ఆశక్కా, రక్తం 9.4 అని ఉంది, ఏటి చెయ్యాలి?" అని అడిగాడు.

మీరూ ఇంటికెళ్లి కార్డు అడిగి చదవండి.